దింపిన కాయితం పక్కన పెట్టి గీయమనండి

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. పొద్దస్తమానం ట్రేసింగ్ పేపర్ పెట్టి వేరేవాళ్ల బొమ్మలు దింపుతుంది. డిజైన్ చదువుతానంటోంది. ఇలా దింపితే బొమ్మలు వస్తాయా? కాపీ కొట్టినట్టు కాదా?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: ఆ పేపరు మాత్రం లాక్కోకండమ్మా. దింపడం తప్పు కాదు. అక్కడే ఆగిపోతే మాత్రం చెయ్యి తిరుగుతుంది గానీ కంటికి కొలత రాదు. ముక్కుకీ గడ్డానికీ మధ్య జాగా ఎంత, భుజం ఎంత వాలింది అని చూసి తేల్చుకోవడమే బొమ్మలో కష్టమైన పని. ట్రేసింగ్ పేపరు ఆ పని తనే చేసిపెట్టేస్తుంది. అమ్మ చుక్కలు పెట్టేస్తే పిల్లకి ముగ్గు కలపడం వస్తుంది, చుక్కలు పెట్టడం రాదు కదా!

ఈసారి అంచు గీతలు వదిలేసి లోపలి కట్టుబడి మాత్రమే దింపమనండి: వెన్ను ఎటు వంగింది, తలకి ఒళ్ళు ఎన్ని రెట్లుంది. వెంటనే అసలు బొమ్మనీ, దింపిన కాయితాన్నీ మూసేసి తెల్ల కాయితం మీద గుర్తున్నట్టు గీయాలి. ఆనక ట్రేసింగ్‌ని దానిమీద పెట్టి చూస్తే ఎక్కడ తప్పిందో తనకే తెలుస్తుంది. అసలు చదువు అదే. చాలామంది పిల్లలు దీన్నే ఎగ్గొడతారు, తమ తప్పు కళ్లెదుట కనబడితే మనసు చివుక్కుమంటుంది మరి. పక్కనుండి ధైర్యం చెప్పండి.

వారానికోసారైనా కాలవగట్టు మీద కూర్చుని, గాలికి ఒంగిన కొబ్బరిచెట్టుని చూసి గీయనివ్వండి. వీలైతే రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన చిత్రకారుడాయన. అక్కడివాళ్లనడిగి, ఆ బొమ్మల ముందు నిలబడి గీయమనండి. కాయితం పైన పరిచే వీలుండదు, కంటితోనే కొలవాలి.

ఇంటర్ ఏ గ్రూపు చదివినా యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు, ఐఐటీల్లో బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) సీటుకి అదే దారి. అందులో రెండో భాగంలో చేత్తో బొమ్మ గీయాలి. దింపుకోవడానికి కింద ఏమీ ఉండదు.

కాపీ మాటంటారా, ఇంట్లో నేర్చుకోవడానికి దింపుకుంటే దొంగతనం కాదు. తన పేరుతో పోటీకి పంపినా, ఇన్‌స్టాలో పెట్టినా తప్పే. దింపిన ప్రతి కాయితం మూలనా అసలు చిత్రకారుడి పేరు రాయించండి. గుర్తున్నట్టు గీసినవాటికి తేదీ వేసి దాచండి. ఆరు నెలలయ్యాక అవి నాకు పంపితే, ఏ కోర్సన్నది అప్పుడు మాట్లాడుకుందాం.