ముందు పరిగెత్తేవి ఎన్నో లెక్కపెట్టు తల్లీ

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. అమెరికాలో ఏటా జరిగే బ్రీడర్స్ కప్ డిస్టాఫ్ రేసులో ఈ ఏడాది దిగే ఆడ గుర్రాలను నువ్వే తూకం వేసి వరస కడుతున్నావని, మీ ఆఫీసులో కొందరు ఆ వరస చూసే డబ్బు పెడతామంటున్నారని మీ అమ్మ చెప్పింది. వినగానే ఛాతీ పొంగింది. ఆ వెంటనే భయమూ వేసింది. నీ జాబితా పంపించమంటే పంపింది, అక్షరం అక్షరం చదివాను. గ్రేడ్ వన్ గెలుపులు, అంటే అన్నింటికన్నా పై తరగతి రేసుల్లో గెలుపులు రాశావు, ఒక్కో పరుగు వేగాన్ని కొలిచే బేయర్ అంకెలు రాశావు, ట్రైనర్లూ జాకీల పేర్లూ రాశావు. బాగుంది. కానీ మొదటి సగం మైలులో ఏది ముందుంటుందో ఒక్క గుర్రానికి ఎదురుగా కూడా రాయలేదు. ఇదేం పని తల్లీ? డిస్టాఫ్‌లో అసలు చూడాల్సింది అదే కదా!

నీకు తెలిసినవి గబగబా చెప్పి వదిలేస్తాను. మట్టి ట్రాక్, తొమ్మిది ఫర్లాంగులు (ఫర్లాంగు అంటే మైలులో ఎనిమిదో వంతు), మూడేళ్లు నిండిన ఫిల్లీలూ (పడుచు ఆడ గుర్రాలు) ఆపై వయసు మేర్లూ (పెద్ద ఆడ గుర్రాలు). 1984లో మొదలైనప్పుడు పది ఫర్లాంగులు ఉండేది, 1988 నుంచి తొమ్మిదికి తగ్గించారు. ఒక్క మలుపున్న చిన్న రేసుల్లో మెరిసినదాన్ని రెండు మలుపుల రుజువు చూపించేదాకా నమ్మకు. రేసు ఏటా ఒకే చోట జరగదు కాబట్టి పేర్లకంటే ముందు ట్రాక్ పేరు రాసుకో. వస్తూ వస్తూ ఏ రేసు ఆడి వచ్చిందో చూడు: కీన్‌లాండ్‌లో స్పిన్‌స్టర్, న్యూయార్క్‌లో బెల్డేమ్, శాంటా అనీటాలో జెన్యాటా, మూడేళ్ల ఫిల్లీలకు పార్క్స్‌లో కొటిలియన్. ఆగస్టు తర్వాత అసలు పరిగెత్తలేదని దేన్నీ కొట్టేయకు. 2017లో ఫరెవర్ అన్‌బ్రిడిల్డ్ సారటోగాలో పర్సనల్ ఎన్‌సైన్ స్టేక్స్ అనే పెద్ద రేసు గెలిచి, మధ్యలో ఇంకో రేసు లేకుండా నేరుగా వచ్చి డిస్టాఫ్ కొట్టింది.

ఇక అసలు సంగతి. 2021, డెల్ మార్ ట్రాక్. ఆ రేసు వీడియో తెచ్చుకుని ఒకసారి కాదు, నాలుగుసార్లు చూడు.

లెట్రుస్కా అనే ఐదేళ్ల మేర్. మెక్సికోలో పరుగు మొదలుపెట్టి అమెరికా వచ్చింది. ఆ ఏడాది ఆపిల్ బ్లాసమ్, ఆగ్డెన్ ఫిప్స్, ఫ్లూర్ డి లీ, పర్సనల్ ఎన్‌సైన్, స్పిన్‌స్టర్ రేసులు వరసగా ఐదూ గెలిచి డిస్టాఫ్‌కి దిగింది. జనమంతా దానివైపే. వాళ్ల నమ్మకం గుడ్డిదని కూడా అనలేం. ఆపిల్ బ్లాసమ్‌లో మోనోమాయ్ గర్ల్ అనే మేర్ వచ్చి మీద పడ్డా, తిరిగి పోరాడి ముక్కు తేడాతో నిలిచిన గుర్రం అది. ఒత్తిడికి బెదరదు అనుకున్నారు. ఇక్కడే పప్పులో కాలు వేశారు. ఆపిల్ బ్లాసమ్‌లో పోటీ వచ్చింది రేసు చివర్లో. అప్పటిదాకా లెట్రుస్కా తన ఇష్టమొచ్చిన వేగంతో పరిగెత్తి ఊపిరి దాచుకుంది. చివరి రెండు ఫర్లాంగుల్లో వచ్చే పోటీ వేరు, గేటు తెరుచుకోగానే వచ్చే పోటీ వేరు. మొదటిది గుండె ధైర్యానికి పరీక్ష. రెండోది ఊపిరికి, కండరాలకు పరీక్ష. రెండో దాంట్లో ధైర్యం ఎంతున్నా పనికిరాదు.

ఆ రోజు బరిలో ప్రైవేట్ మిషన్ అనే మూడేళ్ల ఫిల్లీ కూడా ఉంది. జెన్యాటా స్టేక్స్ గెలిచి వచ్చింది, దానికీ ముందు పరిగెత్తడమే అలవాటు. రెండింటి పాత రేసులూ కాగితం మీదే ఉన్నాయి, ఎవరైనా పక్కపక్కన పెట్టి చూడొచ్చు. గేటు తెరుచుకుంది. మొదటి పావు మైలు 22 సెకన్ల లోపు, సగం మైలు 45 సెకన్ల లోపు. అది ఆరు ఫర్లాంగుల రేసుకు తగిన వేగం. వీటికి ఇంకా అయిదు ఫర్లాంగులు మిగిలే ఉన్నాయి. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందున్నవాటి అడుగు కుదించుకుపోయింది. పదకొండు గుర్రాల్లో లెట్రుస్కా పదోది. వెనక నుంచి జపాన్ మేర్ మార్షే లొరేన్ మలుపులో బయటివైపు చుట్టి ముందుకొచ్చి, డన్‌బార్ రోడ్‌ను ముక్కు తేడాతో ఆపింది. మాలథాట్ మూడోది. గెలిచినదాని ధర 49-1, అంటే రూపాయి పెడితే నలభై తొమ్మిది లాభం.

రేసు అయ్యాక చాలామంది లెట్రుస్కాకు ఆ రోజు ఒంట్లో బాగాలేదేమో అన్నారు. తప్పు. ఆ వేగంతో మొదలుపెట్టిన ఏ గుర్రమైనా అలాగే అయ్యేది. తప్పు జనం లెక్కలో ఉంది, అదీ రెండు చోట్ల. ముందు పరిగెత్తేవి ఎన్నో లెక్కపెట్టకపోవడం ఒకటి. రెండోది ఇంకా బాధ కలిగిస్తుంది. వేగం మితిమీరుతుందని పసిగట్టినవాళ్లు కూడా మార్షే లొరేన్ వైపు చూడలేదు. దానికి అమెరికా బేయర్ అంకెలు లేవు మరి. అంకె లేదంటే బలం లేదని అర్థం కాదు కదా! జపాన్‌లో మట్టి ట్రాక్ మీద స్టేక్స్ గెలిచి వచ్చింది. అదే ట్రైనర్ యోషితో యహాగి గుర్రం లవ్స్ ఓన్లీ యూ అదే మధ్యాహ్నం పచ్చిక మీద ఫిల్లీ అండ్ మేర్ టర్ఫ్ రేసు గెలిచింది. గుర్రాలు ప్రయాణం తట్టుకుని వచ్చాయని కళ్లముందే తేలిపోయింది. నీ జాబితాలో విదేశీ గుర్రానికి ఎదురుగా "వివరాలు లేవు" అని రాసి వదిలేశావు చూడు, అది చదివి నాకు ఒళ్లు మండింది. వీడియోలు దొరుకుతాయి. కూర్చుని చూడు.

లెక్క ఎలా వేయాలో చెప్తా, పెన్సిల్ తీసుకో. ఒక్కో గుర్రానివి చివరి నాలుగు రేసులు తీసుకో. పావు మైలు దగ్గర, సగం మైలు దగ్గర ఎన్నో స్థానంలో ఉంది, ముందుదానికి ఎన్ని లెంగ్తుల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) వెనక ఉంది, ఇవి రాయి. తర్వాత మూడు గుంపులు చెయ్యి. ముందు లేకపోతే గెలవలేనివి. రెండు మూడు స్థానాల్లో ఓపిగ్గా ఉండగలిగేవి. వెనక నుంచి వచ్చేవి. మొదటి గుంపులో చేర్చేముందు ఒక ప్రశ్న అడుగు: ఇది ముందు లేకుండా ఎప్పుడైనా గెలిచిందా? గెలిచి ఉంటే రెండో గుంపులోకి మార్చు. గెలవకపోతే అక్కడే ఉంచు. ఇక మొదటి గుంపులో ఒకటే ఉంటే దాన్ని నీ వరసలో రెండు మెట్లు పైకి జరుపు. రెండుంటే గేటు నంబర్లు చూడు. లోపలి గేటులో ఉన్నదానికి దూకక తప్పదు, లేకపోతే మలుపులో మిగతావాటి మధ్య ఇరుక్కుంటుంది. బయటి గేటుదానికి పక్కనే ఓపిగ్గా సాగే వీలుంటుంది. మూడు ఉన్నాయా, ఆ మూడింటినీ కిందికి దింపు, ఎంత పెద్ద పేరైనా సరే.

సగం మైలు సమయం చదివేటప్పుడు: తొమ్మిది ఫర్లాంగులకు 48 సెకన్లు హాయి, 47 మామూలు, 46 లోపు అంటే ఎవరో ఒకరు మూల్యం కట్టాల్సిందే. ట్రాక్ ఆ రోజు వేగంగా ఉందా బరువుగా ఉందా అనేది అదే రోజు మిగతా రేసుల సమయాలతో పోల్చి సరిచూసుకో. ఉత్త అంకెతో ఏమీ తేలదు.

ఒంటరిగా ముందున్నది ఎంత గట్టిదో తెలియాలంటే 1988 చూడు. చర్చిల్ డౌన్స్, తడి ట్రాక్. ఆ వసంతంలో మగ గుర్రాలను ఓడించి కెంటకీ డెర్బీ గెలిచిన విన్నింగ్ కలర్స్ తన వేగంతో తను ముందు పోతోంది. అప్పటిదాకా ఓటమి ఎరగని పర్సనల్ ఎన్‌సైన్ (ఇందాకటి సారటోగా రేసుకు ఈ మేర్ పేరే పెట్టారు) చాలా వెనక పడిపోయింది. చివరి అడుగులో ముక్కు తేడాతో పట్టుకుంది, పదమూడుకి పదమూడు గెలిచి రిటైరయింది. ఎంత గొప్ప మేర్ అయినా చర్చిల్ డౌన్స్‌లో ఫినిష్ ముందున్న సూటి దారి 1,234.5 అడుగులు ఉండబట్టి అందుకోగలిగింది. డెల్ మార్‌లో అది 919 అడుగులే. 2016లో శాంటా అనీటాలో సాంగ్‌బర్డ్ పదకొండుకి పదకొండు గెలిచి వచ్చి ముందు పరిగెత్తితే, బిహోల్డర్ వెనకే ఉండి పట్టుకుంది. అక్కడా తేడా ముక్కే. అంటే ఒంటరిగా ముందున్న మంచి గుర్రాన్ని ఓడించాలంటే పుస్తకాల్లోకెక్కే మేర్ కావాలి, అదీ ఆఖరి అంగుళంలో. ట్రాక్ పేరు ముందు రాయమన్నది ఇందుకే.

బేయర్ అంకెల గురించి. ఈ దూరంలో ఒక లెంగ్త్ అంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు పాయింట్లు. రెండు మూడు పాయింట్ల తేడాకి ఒకదాన్ని పైన, ఒకదాన్ని కింద పెట్టావు. అది తేడానే కాదమ్మా. ఇంకోటి, ఆ అంకెలు మలుపులో పోగొట్టుకున్న నేలను లెక్కలోకి తీసుకోవు. ఒక గుర్రం వెడల్పు సుమారు మూడు అడుగులు అనుకుంటే, అర్ధవృత్తం మలుపులో ఒక వరస బయటికి పరిగెత్తినందుకు తొమ్మిది అడుగుల పైచిలుకు అదనంగా తిరగాలి. అది ఇంచుమించు ఒక లెంగ్త్. రెండు మలుపుల్లోనూ మూడో వరసలో తిరిగిన గుర్రం నాలుగు లెంగ్తులు ఎక్కువ పరిగెత్తినట్టు. అంటే ఆరేడు పాయింట్లు! రెండు లెంగ్తుల్లో ఓడి నీ జాబితాలో ఆరో స్థానంలో పడ్డది, నిజానికి ఆ రోజు అన్నింటికన్నా బాగా పరిగెత్తి ఉండొచ్చు. మైలు చుట్టు ట్రాక్‌లో తొమ్మిది ఫర్లాంగుల గేటు ఫినిష్ గీతకు ఒక ఫర్లాంగు ముందే పెడతారు. మొదటి మలుపు త్వరగా వచ్చేస్తుంది కాబట్టి బయటి గేట్లకు ఈ నష్టం తప్పించుకోవడం కష్టం.

మూడేళ్ల ఫిల్లీలను చూసి నువ్వు వెనకాడినట్టున్నావు. వెనకాడకు. వీపు మీద మోసే బరువులో వాటికి కాస్త తగ్గింపు ఇస్తారు, శరదృతువుకల్లా ఒళ్లు కూడా నిండుతుంది. అన్‌టేపబుల్ 2014లో, మోనోమాయ్ గర్ల్ 2018లో, థార్పీడో అనా 2024లో మూడేళ్ల వయసులోనే గెలిచాయి. థార్పీడో అనా అయితే అంతకుముందు ట్రావర్స్ రేసులో మగ గుర్రాలతో తలపడి తల తేడాతో మాత్రమే ఓడింది. వయసుకి భయపడకు. తన ఈడు ఫిల్లీలను ఎంత సులువుగా కొట్టిందో, ఎవరైనా నిలదీసినప్పుడు ఏం చేసిందో అది చూడు.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా భయమైన మాట. 1990లో బెల్మాంట్ పార్క్‌లో మూడేళ్ల గో ఫర్ వాండ్, ఆరేళ్ల బయాకోవా పక్కపక్కనే హోరాహోరీగా వచ్చాయి. ఫినిష్ దగ్గరపడ్డాక గో ఫర్ వాండ్ ముందు కాలు విరిగి పడిపోయింది. దాన్ని బతికించలేకపోయారు. అంకెలు రాసేవాళ్లు కాళ్లు చూడటం మరిచిపోతారు తల్లీ, నువ్వు మరిచిపోవద్దు. పొద్దుటి కసరత్తులో, రేసుకు ముందు గుర్రాలను తిప్పే పాడక్‌లో నడకలో తల ఒకవైపే ఊగుతోందా, ఒక కాలు పొట్టిగా వేస్తోందా, ఎప్పుడూ లేని కట్టు ముందు కాలికి కొత్తగా వచ్చిందా చూడు. చల్లటి రోజున తొడల మధ్య తెల్లటి నురగ కట్టిందంటే శక్తి గేటుదాకా రాకముందే ఖర్చవుతోంది. కసరత్తు సమయాల్లో ఆ రోజు అందరికన్నా వేగమైనదాన్ని చూసి మురిసిపోకు. నాలుగు వారాల పాటు ఏడెనిమిది రోజులకొకసారి తప్పకుండా కసరత్తు జరగడం దానికన్నా మంచి కబురు. నడుమ పదిహేను రోజుల ఖాళీ కనబడితే కారణం తెలిసేదాకా దాన్ని మొదటి మూడింట్లో పెట్టొద్దు. నడక నచ్చకపోతే కొట్టేయ్, నీ వరస పాడైపోయినా ఫర్వాలేదు.

డబ్బు సంగతి. ఉదయం వేసే ధరలు జనం ఎలా పెడతారో అన్న ఊహ మాత్రమే, గుర్రం గెలిచే అవకాశం కాదు. 8-5 ధర (అయిదు పెడితే ఎనిమిది లాభం) ఉన్నదానికి వందలో 39 సార్లయినా గెలిచే సత్తా ఉండాలి, అప్పుడుగానీ పెట్టిన డబ్బు పెట్టినట్టు మిగలదు. నీ లెక్కలో దానికి పాతికే ఉంటే, అదే మొదటి గుర్రమైనా పెట్టొద్దని చెప్పు. వరసలో మొదటిది వేరు, ఆ ధరకి కొనదగినది వేరు. మీ ఆఫీసు వాళ్లకి ఈ రెండూ విడివిడిగా రాసివ్వు. "ఏది గెలుస్తుంది" అని ఒక్క పేరు అడిగితే చెప్పకు. ఓడితే నిన్నంటారు, నాకది ఇష్టం లేదు.

చివరగా, రేసు రోజు ఉదయం తప్పుకున్న గుర్రాల జాబితా వచ్చేదాకా నీ కాగితం ఎవరికీ ఇవ్వకు. వెనక నుంచి వచ్చేది తప్పుకుంటే పెద్దగా మారేదేమీ లేదు. ముందు పరిగెత్తేవి రెండున్నప్పుడు అందులో ఒకటి తప్పుకుందా, మిగిలినది ఒంటరిదైపోతుంది, మొత్తం వరస తలకిందులవుతుంది. పెన్సిల్‌తో రాయమన్నది అందుకే. సగం మైలు గడి నింపి మళ్లీ పంపించు, రాత్రి ఎంత ఆలస్యమైనా చూసి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న