బొగ్గు గని వ్యర్థాల గుట్ట పోసే ముందు కింది నేలను ఎందుకు పరీక్షించాలి?

గుట్ట ఎత్తు, వాలు అందరూ లెక్కేస్తారు. నన్నడిగితే ముందు వెతకాల్సింది నీటి ఊటలు. వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో 1958లో మొదలైన 7వ నంబరు గుట్టను ఊటల మీదే పోశారు. అక్కడి కొండ పగుళ్లున్న ఇసుకరాయి. అందులోకి ఇంకిన వాననీరు దిగువన ఊటలుగా బయటపడుతుంది. మ్యాపుల్లో అవి గీసే ఉన్నాయి, అయినా స్థల పరీక్ష చేయలేదు! అడుగున నీటి ఒత్తిడి పెరిగితే రేణువుల మధ్య పట్టు తప్పి, గుట్ట బురదలా పారుతుంది. 1966 అక్టోబరు 21న అదే జరిగి బడిని ముంచేసింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలే.

కాబట్టి బోర్లు వేసి, పీజోమీటర్లు (నేల లోపలి నీటి ఒత్తిడి కొలిచే పరికరాలు) దింపి నీటిమట్టం చూడాలి. ఒక్క ఎండాకాలం కొలతను నమ్మకండి, వానాకాలంలోనూ తీయండి. కింద మెత్తటి బంకమట్టి పొర తగిలితే అది ఇంకో జారుడుబల్ల.