మలార్గ్వే వెళ్తున్న మాధవికి

చి. మాధవికి మామయ్య ఆశీస్సులు.

అర్జెంటీనాలో, మలార్గ్వే దగ్గర కాస్మిక్ కిరణాలను పట్టే పియర్ ఓజే అబ్జర్వేటరీలో పరిశోధనకు చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. అంతరిక్షం నుంచి భూమ్మీద పడే ఆ కణాలతోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కనుక నాలుగు మాటలు రాయకుండా ఉండలేను.

వెళ్లగానే గ్రాఫులు గీయడం మొదలుపెట్టకు. మలార్గ్వే మైదానంలో ఒక్క ట్యాంకునైనా దగ్గరుండి చూడు. 12 టన్నుల శుద్ధమైన నీళ్లు, వేగంగా దూసుకుపోయే కణాల వల్ల ఆ నీళ్లలో పుట్టే చెరెంకోవ్ వెలుగును పట్టే మూడు ఫోటోమల్టిప్లయర్లు (అతి మసక వెలుగును సంకేతంగా మార్చే గొట్టాలు). అలాంటివి 1,600కు పైగా, కిలోమీటరున్నర ఎడంతో, 3,000 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నాయి. 100 ఎక్సా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి (ఒకటి పక్కన ఇరవై సున్నాలన్ని ఎలక్ట్రాన్ వోల్టులు) దాటిన కణం చదరపు కిలోమీటరుకు నూరేళ్లలో ఒక్కటి పడితే గొప్ప. అందుకే అంత నేల కావలసివచ్చింది. అంత అరుదైనదాన్ని తూచే రాయి మాత్రం అతి సామాన్యమైనది: కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టి రాత్రీ పగలూ కురిసే మ్యూయాన్ అనే కణం. నిలువుగా దిగే ఒక మ్యూయాన్ ట్యాంకులో ఇచ్చే సంకేతమే అక్కడ కొలమానం. ఆ క్రమాంకనం (కాలిబ్రేషన్) నీ చేతికి రావాలి. తక్కినవన్నీ తర్వాత.

స్పానిష్ కూడా నేర్చుకో. ఏ ట్యాంకు ఎందుకు మొరాయిస్తుందో అక్కడి సాంకేతిక సిబ్బందికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పాత వివాదం చదువు. జపాన్‌లోని అగాసా ప్రయోగం నేలమీది డిటెక్టర్లతో లెక్కించి, సిద్ధాంతం గీసిన శక్తి హద్దు దాటినా కణాలు తగ్గడం లేదంది. యూటాలోని హైరెస్ ప్రయోగం ఆకాశంలో ప్రతిదీప్తి (కణాలు తాకినప్పుడు గాలి వెలువరించే మసక వెలుగు) చూసి, తగ్గుతున్నాయంది. ఓజేలో రెండు పద్ధతులూ ఒకేచోట ఉన్నాయి. చీకటి రాత్రుల్లో ఒక కాస్మిక్ కణం గాలిలో పుట్టించే ఒకే కణాల జల్లును ట్యాంకులూ టెలిస్కోపులూ కలిసి చూస్తాయి. 2008లో హైరెస్, ఓజే రెండూ తగ్గుదల నిజమేనని ప్రకటించాయి.

ఇప్పుడు కూడా అత్యధిక శక్తుల దగ్గర మీ కొలతలకూ, యూటాలోని టెలిస్కోప్ అర్రే అనే అబ్జర్వేటరీ కొలతలకూ తేడా ఉంది. రెండు బృందాలూ కలిసి కూర్చుని దాన్ని పరిశీలిస్తున్నాయి. ఆ పనిలో చోటు దొరికితే వదులుకోకు. మన పక్షాన వాదించడానికని మాత్రం వెళ్లకు తల్లీ. వాళ్ల ప్రతి దిద్దుబాటూ అడిగి తెలుసుకో, నీ లెక్క మొత్తం విప్పి చూపించు.

వ్యాసాల్లో నీ పేరు వందల పేర్ల మధ్య అక్షరక్రమంలో వస్తుంది. నొచ్చుకోకు. చేసిన ప్రతి పరీక్షనూ, విఫలమైనవాటితో సహా, అంతర్గత నివేదికగా రాసిపెట్టు. నువ్వు ఎన్నడూ చూడని విద్యార్థి ఎవరో ఏ దేశంలోనో దాని మీద ఆధారపడతారు.

ట్యాంకుల మీద కొత్తగా సింటిలేటర్లు (కణం తాకితే మెరిసే పలకలు), రేడియో యాంటెనాలు అమర్చారు కదా. మ్యూయాన్లను ఎలక్ట్రాన్ల నుంచి వేరుచేసి, వచ్చింది ప్రోటానా, బరువైన కేంద్రకమా అని తేల్చడానికి అవి. అంశం ఎంచుకోమంటే అదే ఎంచుకో. మొదటి నివేదిక రాయగానే నాకూ పంపు.

నీ మామయ్య