హైదరాబాద్ నుంచి తిరుపతికి సైకిల్ యాత్ర: రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి?

మీరిద్దరూ రాసి పంపిన లెక్క ఇది: హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తా నుంచి కర్నూలు, నంద్యాల, కడప మీదుగా తిరుపతి సుమారు 570 కిలోమీటర్లు, ఆరు రోజులు, రోజుకు 95. దారిలో అలంపురం, మహానంది, అహోబిలం, దేవుని కడప, ఒంటిమిట్ట, తాళ్లపాక అన్నీ చూసుకుంటూ వెళ్లాలి. ఇద్దరూ ఆదివారాలు 100 కిలోమీటర్లు తొక్కుతున్నారు కాబట్టి 95 పెద్ద కష్టం కాదనుకుంటున్నారు. తొక్కడం వరకైతే నిజమే. కానీ ఇన్ని గుళ్లు ఆరు రోజుల్లో పట్టవు. ఆరు రోజులే సెలవుంటే అలంపురం, మహానంది, అహోబిలం వదిలేయండి. అన్నీ కావాలంటే పది రోజులు పెట్టుకోండి. మధ్యలో ఏదో సర్దుకుందామని బయల్దేరిన వాళ్లే చీకట్లో హైవే మీద తొక్కుతుంటారు.

రోజు దూరం తేల్చడానికి మొత్తం కిలోమీటర్లను రోజులతో భాగించకండి. గడియారం దగ్గర మొదలుపెట్టండి. డిసెంబరు, జనవరిల్లో వెలుతురు 11 గంటలు. ఉదయం 6కి బయల్దేరి సాయంత్రం 4 కల్లా గదికి చేరాలనుకుంటే చేతిలో ఉన్నవి 10 గంటలు. 8–10 కిలోల సామానుతో హైబ్రిడ్ సైకిల్ మీద తొక్కుడు వేగం గంటకు 16–17 కిలోమీటర్లు ఉంటుంది. కానీ టిఫిన్‌కు 40 నిమిషాలు, మధ్యాహ్నం ఒక గంట, టీలు, నీళ్లు, ఒక పంక్చరు అన్నీ కలుపుకుంటే గడియారం ప్రకారం వచ్చేది గంటకు పదే. అంటే గుడి లేని రోజు 100 దాకా. గుడి ఉన్న రోజు సంగతి వేరు. సైకిల్‌కు తాళం వేయడం, స్నానం, పంచె, క్యూ, ప్రసాదం, మళ్లీ బట్టలు మార్చుకోవడం, హీనపక్షం రెండున్నర గంటలు. అక్కడే 25 కిలోమీటర్లు పోయాయి. గుడి ఉన్న రోజుకు 75 మించి రాసుకోకండి. పైగా చాలా గుళ్లు మధ్యాహ్నం తలుపులు మూస్తారు. పదకొండు లోపు చేరాలి, లేదా నాలుగు తర్వాతే అనుకోవాలి. ఒంటిగంటకు చేరితే మండపంలో కూర్చోవడమే పని.

ఆరు రోజుల దారి ఇలా కోసుకోండి (అన్నీ సుమారు దూరాలే): మొదటి రోజు ఇంటి నుంచి జడ్చర్ల 85, రెండో రోజు ఎర్రవల్లి చౌరస్తా 85, మూడో రోజు కర్నూలు దాటి నంద్యాల 117, నాలుగో రోజు మైదుకూరు 95, అయిదో రోజు దేవుని కడప, ఒంటిమిట్ట చూసుకుని రాజంపేట 93, ఆరో రోజు కోడూరు మీదుగా తిరుపతి 90. తాళ్లపాక రాజంపేట పక్కనే, ఆరో రోజు పొద్దున చూసుకోవచ్చు. ఇందులో బరువైనవి మూడో రోజు, అయిదో రోజు. మూడో రోజు దూరం వల్ల బరువు, అయిదో రోజు రెండు దర్శనాల వల్ల. అయిదో రోజు 75 అని నేనే చెప్పిన హద్దు దాటుతోంది, కాబట్టి దేవుని కడపకు మైదుకూరు నుంచి తెల్లవారకముందే కదలాలి, అక్కడ గంటకు మించి ఆగకూడదు. అది కుదరదనిపిస్తే ఒంటిమిట్టలోనే ఆగి, చివరి రోజును 120 చేసుకోకుండా ఏడో రోజు అడగండి ఆఫీసులో.

జడ్చర్ల నుంచి నేరుగా కర్నూలు కొట్టేద్దాం, 130యే కదా, పైగా దిగుడు అని అందరికీ అనిపిస్తుంది. హైదరాబాద్ 500 మీటర్లకు పైన, కర్నూలు 300 లోపు, దిగుడు అబద్ధం కాదు. కానీ రెండో రోజే 130 తొక్కితే ఆ బాకీ మూడో రోజు, నాలుగో రోజు మోకాళ్లు కడతాయి. ఎర్రవల్లి, పెబ్బేరు వైపు గదులు తక్కువ. బయల్దేరకముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి, సైకిళ్లు గదిలో పెట్టనిస్తారా అని కూడా అప్పుడే అడగండి. గది ఎక్కడ దొరుకుతుందో అక్కడే ఆ రోజు ముగుస్తుంది, కాళ్లలో ఇంకా ఎంత సత్తువ ఉన్నా సరే.

పది రోజులైతే యాత్ర యాత్రలా ఉంటుంది. జడ్చర్ల, ఎర్రవల్లి పైన చెప్పినట్టే. మూడో రోజు ఎర్రవల్లి నుంచి అలంపురం, అక్కడి నుంచి కర్నూలు, మొత్తం 65 లోపు. జోగులాంబ, నవబ్రహ్మ ఆలయాలు తీరిగ్గా చూడవచ్చు. నాలుగో రోజు కర్నూలు నుంచి ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, మహానంది, సుమారు 90. ఓర్వకల్లు దాటేదాకా ఎత్తుపల్లాలు, పాణ్యం తర్వాత కుందూ నది లోయ, చదును. మహానంది కోనేట్లో సాయంత్రం స్నానం చేస్తే కాళ్లు తేలికపడతాయి. అయిదో రోజు మళ్లీ నంద్యాల వచ్చి, ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం, 85. ఆరో రోజు సైకిల్ ముట్టకండి. కానీ దాన్ని విశ్రాంతి రోజుగా లెక్కేయకండి. ఎగువ అహోబిలం, జ్వాలా నరసింహుడు, ఉగ్రస్తంభం దాకా వెళ్తే అది కొండ నడక, సైక్లింగ్‌లో పనిచేయని కండరాలన్నీ ఆ రోజు పనిచేస్తాయి. అందుకే ఏడో రోజు మైదుకూరుతో, సుమారు 80తో ఆపాలి, కడప దాకా లాగకూడదు. ఎనిమిదో రోజు దేవుని కడప చూసుకుని ఒంటిమిట్ట, 65. తొమ్మిది తాళ్లపాక మీదుగా కోడూరు, 70. పదో రోజు తిరుపతి 55, మధ్యాహ్నానికే చేరతారు.

కోడూరు నుంచి రేణిగుంట దాకా కిలోమీటర్లు తక్కువే, జాగ్రత్త ఎక్కువ కావాలి. కుక్కలదొడ్డి, బాలపల్లె, మామండూరు మధ్య శేషాచలం అడవి అంచు. నాలుగు వరుసల రోడ్డుకు అలవాటు పడ్డ కన్ను రెండు వరుసల రోడ్డుకు, ఎదురొచ్చే లారీలకు సర్దుకోవాలి. ఈ ముక్కను ఉదయం వెలుతురు వచ్చాకే మొదలుపెట్టండి. హైవే మీద భుజం (తెల్ల గీత బయట ఉండే రోడ్డు అంచు) వెంబడే తొక్కండి, కానీ భుజం కూడా పూర్తిగా మీది కాదు: ఊళ్ల దగ్గర ఎదురుగా వచ్చే బైకులు, ట్రాక్టర్లు, కోతల కాలంలో ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు. కృష్ణ, తుంగభద్ర వంతెనల మీద భుజం సన్నబడుతుంది, వెనక లారీ లేనప్పుడు ఒక్క దమ్ములో దాటండి.

పంక్చర్లలో ఎక్కువ పాలు మేకులవి కావు, పగిలిన లారీ టైర్ల నుంచి రాలే వెంట్రుకంత ఉక్కు తీగలవి. ట్యూబు మార్చి టైరు లోపల చూడకుండా బిగిస్తే పది కిలోమీటర్లలో మళ్లీ గాలి పోతుంది. టైరు లోపలంతా గుడ్డ ముక్కతో తుడవండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే తీగ అక్కడుంది. రెండు ట్యూబులు, ప్యాచీలు, చిన్న పంపు, చైన్ లింకు ఒకటి, బ్రేక్ ప్యాడ్లు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు చాలు. మీ ట్యూబులది ప్రెస్టా వాల్వ్ (గాలి కొట్టే సన్నటి మూతి) అయితే అడాప్టర్ మరిచిపోకండి, లేకపోతే హైవే పంక్చరు షాపులో గాలి కూడా ఎక్కదు. 32 మిల్లీమీటర్ల టైరుకు గాలి ఒత్తిడి 65–70 పీఎస్‌ఐ పెట్టండి, సామాను వెనక ఉంటుంది కాబట్టి వెనక చక్రానికి ఓ అయిదు ఎక్కువ.

నీళ్లు గంటకు 600–750 మిల్లీలీటర్లు, దాహం వేసే దాకా ఆగకుండా. మధ్యాహ్నం దాటాక ఒక లీటరు ఓఆర్‌ఎస్. పొద్దున ఇడ్లీ, తర్వాత అరటిపండు, పల్లీ పట్టి, మధ్యాహ్నం పెరుగన్నం. కర్నూలు, నంద్యాలల్లో ఉగ్గాని బజ్జీ వదలమని ఎవరికీ చెప్పలేను, కానీ అర ప్లేటే తిని తొక్కండి. ఫుల్ మీల్స్ సాయంత్రానికి.

మూడో రోజు తర్వాత యాత్ర ఆపించేది చాలాసార్లు పిరుదుల మీద పుండ్లే. కారణం సీటొక్కటే కాదు, చెమట పట్టిన ప్యాడెడ్ షార్ట్స్‌తో గంటన్నర క్యూలో నిలబడటం. గుడి దగ్గర ముందు పంచె కట్టుకోండి, షార్ట్స్ రెండు జతలు పెట్టుకుని రోజూ ఉతకండి, లోపల డ్రాయర్ వద్దు. మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సీటు కిందికి ఉన్నట్టు, వెనక నొప్పి పెడితే పైకి ఉన్నట్టు. ఒకేసారి 4–5 మిల్లీమీటర్లకు మించి మార్చకండి.

ఇప్పుడే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఆదివారం 100 ఏమీ చెప్పదు, సోమవారం తొక్కడం లేదు కాబట్టి. శని, ఆదివారాలు పూర్తి సామానుతో 80 చొప్పున తొక్కి, సోమవారం పొద్దున 30 తొక్కండి. ఆ 30లో వేగం గంటకు రెండు కిలోమీటర్ల కంటే ఎక్కువ పడిపోతే, పైన రాసిన ప్రతి దూరంలో పదో వంతు కోసేయండి. ఇద్దరిలో నెమ్మదైన వాళ్ల అంకెలే ఇద్దరికీ లెక్క.

కార్తీకంలో బయల్దేరాలని చాలామందికి ఉంటుంది. జడ్చర్లలో ఎండ కాసే నవంబరులోనే కడప అవతల ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టవచ్చు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ముంచేసింది మీరు వెళ్లే రాజంపేట, నందలూరు వైపే. డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి సగం దాకా నయం, వైకుంఠ ద్వార దర్శనాల పది రోజులు తప్పించుకుని.

తిరుమల కొండను సైకిల్ లెక్కలో కలపకండి. సైకిల్ తిరుపతిలో గదిలోనే ఉంచి, ఒక పూట పడుకుని, మర్నాడు మెట్ల మీద వెళ్లండి. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388. శ్రీవారి మెట్టు పొట్టిదని అలిసిన కాళ్లతో అటు వెళ్లకండి, అది నిట్టనిలువు. దిగేటప్పుడు బస్సెక్కండి. వారం రోజులు తొక్కిన తొడలు ఎక్కడానికి ఓర్చుకుంటాయి, మెట్లు దిగడానికి ఓర్చుకోవు.