తోలుబొమ్మలాట బృందానికి ప్రభుత్వ సాయం: ఎవరి పేరున ఏ దరఖాస్తు?

ఊళ్లో ఎనిమిది మంది తోలుబొమ్మలాట బృందం ఉంది, పెద్దాయనకు డెబ్బై దాటాయి, ఆటలు ఏడాదికి రెండు మూడుకు పడిపోయాయి, సంఘం రిజిస్టరు చేయించి గ్రాంటుకు పెడితే వస్తుందా అని అడిగారు.

సంఘం పెట్టుకోండి, కానీ అది అయ్యేదాకా ఆగకండి. బృందం మొత్తానికి ఒకే దరఖాస్తు అనుకునే చాలామంది ఏళ్లు పోగొట్టుకుంటారు. డబ్బు వచ్చే దారులు వయసును బట్టి, చేసే పనిని బట్టి వేరువేరుగా ఉన్నాయి.

మొదట పెద్దాయన సంగతి చూడండి. కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయలు ఇస్తుంది. 60 ఏళ్లు నిండాలి, ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. రాష్ట్రం నుంచి కనీసం నెలకు 500 కళాకారుల పింఛను అందుతూ ఉండాలన్న మెలిక కూడా ఉంది. అందుకే ముందు రాష్ట్ర సాంస్కృతిక శాఖలో పేరు ఎక్కించుకోవాలి. ఇక్కడ ఎక్కువగా దెబ్బతీసేది ఆధార్‌లో వయసు. మనిషి డెబ్బైలో ఉంటాడు, కార్డు మీద పుట్టిన తేదీగా ఏదో ఒక ఏడాది జనవరి 1 వేసి ఉంటుంది, వయసు యాభై ఎనిమిది చూపిస్తుంది. మిగతా కాగితాలకంటే ముందు అది సరిచేయించండి. ఆటలో పిలిచే పేరు, ఆధార్ పేరు, బ్యాంకు పేరు మూడూ వేరైనా ఫైలు ఆగుతుంది.

బృందంలోని కుర్రవాళ్లకు దారి వేరు. 18 నుంచి 25 ఏళ్ల లోపువారికి నెలకు 5,000 చొప్పున రెండేళ్ల స్కాలర్‌షిప్ ఉంది. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకున్నట్టు ధ్రువపత్రం కావాలి. తండ్రే గురువైనా ఆ పత్రం మీద ఆయన సంతకమో వేలిముద్రో, ఏ ఏడాది నుంచి నేర్పుతున్నారో ఉండాలి. ఇక 10-14 ఏళ్ల పిల్లలకు సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక శాఖ కింది శిక్షణ సంస్థ) ఇచ్చే 650 స్కాలర్‌షిప్పుల్లో 125 సంప్రదాయ కళా కుటుంబాల పిల్లలకే. ఈ సంగతి తెలిసి దరఖాస్తు పెట్టే బొమ్మలాట కుటుంబాలు నాకు అరుదుగా కనిపించాయి.

ఆటలు కావాలంటే తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల కేంద్రం, రెండింటికీ వివరాలు పంపండి. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఆ రెండింటి పరిధిలోకీ వస్తాయి. ఈ కేంద్రాల గురుశిష్య పథకంలో గురువుకు నెలకు 7,500, వాద్య సహకారం ఇచ్చేవారికి 3,750, ఒక్కో శిష్యుడికి 1,500 ఇస్తారు. వివరాల్లో ‘రాత్రంతా ఆడగలం’ అని గొప్పగా రాయకండి. ఉత్సవంలో దొరికేది అరగంటే. లంకాదహనాన్ని 25 నిమిషాలకు కుదించిన ఆట ఒకటి సిద్ధం చేసుకోండి. తెలుగు రానివాళ్ల ముందు నవ్వించే పాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్కల మాటల కంటే హనుమంతుడి తోకమంటే బాగా పండుతుంది.

దరఖాస్తుతో పంపే వీడియోలు చాలావరకు పనికిరాకుండా పోయేది ఫోను వల్లే. చీకట్లో వెలిగే తెర ఒక్కటే ఉండేసరికి ఫోను వెలుతురు పెంచేస్తుంది. తెర తెల్లగా మండిపోయి, బొమ్మల ఎరుపూ పచ్చా కొట్టుకుపోతాయి. తెర మీద బొమ్మ ఉన్నచోట వేలు గట్టిగా నొక్కిపట్టి వెలుతురు లాక్ చేసి, సూర్యుడి గుర్తును కిందికి లాగండి. తెర ముందు దీపాలన్నీ ఆర్పేయండి. తెర వెనక చవక ఎల్ఈడీ బల్బు వాడితే వీడియోలో నల్లచారలు పరిగెడతాయి, పాతకాలం బల్బు మేలు. కాళ్ల కింద చెక్కల చప్పుడు పాటను మింగేయకుండా ఫోనును పదిహేను అడుగుల దూరంలో పెట్టండి.

బొమ్మలు చేసేవారికి కేంద్ర జౌళి శాఖ వైపు ఇంకో తలుపు ఉంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ శాఖ కిందే ఉన్న చేతివృత్తుల కమిషనరేట్ నుంచి ‘పెహచాన్’ కార్డు (చేతివృత్తి కళాకారుల గుర్తింపు కార్డు) తీసుకుంటే ప్రదర్శన-అమ్మకాల్లో స్టాల్ అడగవచ్చు. ఆడేవాళ్లూ చేసేవాళ్లూ ఒకే కుటుంబమైనా రెండు దరఖాస్తులూ పెట్టుకోండి.

ఇక సంఘం. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. అందరూ ఒకే ఇంటివాళ్లయితే గ్రాంటు కమిటీ అనుమానంగా చూస్తుంది, బడి మాస్టారునో జాతర కమిటీ మనిషినో చేర్చండి. పాన్, దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు నంబరు) తీసుకోండి. ఉత్సవాలకు కేంద్రం ఇచ్చే గ్రాంటుకు మూడేళ్ల రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు అడుగుతారు. అదీ ఖర్చులో 75 శాతం వరకే. రెండు లక్షల ఉత్సవం అనుకుంటే గ్రాంటు లక్షన్నర. అందులో మొదట అందేది 75 శాతం, అంటే 1,12,500. మిగతా 87,500 మీ చేతిలో లేకపోతే ఉత్సవం మధ్యలో అప్పు చేయాల్సిందే. అందుకే మొదటి ఏడాది దీని జోలికి పోవద్దంటాను.

బడ్జెట్‌లో ‘బొమ్మల తయారీ 50,000’ అని గుండుగుత్తగా రాస్తే కోత పడుతుంది. మామూలు బొమ్మకు ఒక మేకతోలు, రావణుడికి నాలుగు, తోలు ధర, రంగులు, కూలి రోజులు అని విడగొట్టండి. తోలు అమ్మేవాడు బిల్లు ఇవ్వడు. ఒక కాగితం మీద తేదీ, ఎన్ని తోళ్లు, ఒక్కోటి ఎంత, అతని పేరు, సంతకం తీసుకోండి. మొత్తం 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించండి. మంజూరు తేదీకి ముందు పెట్టిన ఖర్చును వినియోగ పత్రంలో (గ్రాంటు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం) చూపించకండి. ఆ పత్రం జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు) 12-ఎ నమూనాలోనే ఉండాలి. గ్రాంటు డబ్బు మీద బ్యాంకు వేసిన వడ్డీ పదకొండు రూపాయలైనా అందులో చూపించండి. రెండో విడత ఆగేది ఎక్కువగా ఆ వడ్డీ గడి ఖాళీగా వదిలినందుకే.