స్కాన్ పెట్టేస్తే దస్త్రం అందరికీ తెరుచుకున్నట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పబ్లిక్ డిజిటల్ ఆర్కైవ్‌ల గురించే. అక్కడ డిజైన్ పని చేయాలనుకునేవాళ్ళు కొందరు, ఇప్పటికే చేస్తూ ఎక్కడో ఇరుక్కున్నవాళ్ళు కొందరు, ఆ సైట్లు వాడలేక విసిగిపోయిన పాఠకుడు ఒకరు. అందుకని ఈసారి ఆ ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: నాలుగేళ్లుగా షాపింగ్ యాప్‌లకి డిజైన్ చేస్తున్నాను. పాత దస్త్రాల్ని ఆన్‌లైన్‌లో పెట్టే ఒక ఆర్కైవ్ టీమ్‌లో ఇంటరాక్షన్ డిజైనర్‌గా అవకాశం వచ్చింది. సెర్చ్ బాక్స్, రిజల్ట్స్ పేజీ, దస్త్రం చూపించే పేజీ, అంతకంటే అక్కడ చేయడానికి ఏముంటుంది? పైగా ఇంటర్వ్యూలో యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్ళు కూడా వాడగలిగేలా చేయడం) గురించి చాలా అడిగారు. నాకు తెలిసింది రంగుల కాంట్రాస్ట్ దాకానే. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పకుండా చేరండి. మీరు చెప్పిన ఆ మూడు పేజీల మీదే నేను ఏళ్ల తరబడి పని చేశాను, ఇప్పటికీ వాటిలో తేలని విషయాలు ఉన్నాయి.

షాపింగ్ యాప్‌కి వచ్చే మనిషికి తనకేం కావాలో దాదాపుగా తెలుసు, ఆ వస్తువుని అందరూ పిలిచే పేరు కూడా ఒకటి ఉంటుంది. ఆర్కైవ్‌కి వచ్చేవాళ్ళు తాతగారి పేరో, పాత ఊరి పేరో టైప్ చేస్తారు. దస్త్రాలేమో మనుషుల పేర్ల మీద సర్ది ఉండవు. ఏ ఆఫీసు ఏ పని కోసం రాసుకుందో ఆ వరసలోనే ఉంచుతారు, ఎందుకంటే ఆ వరస చెదిరితే అసలు ఆ కాగితం ఎందుకు పుట్టిందో చెప్పే ఆధారమే పోతుంది. దస్త్రాల్ని వర్ణించడానికి ఐసాడ్-జీ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది (మొదటి కూర్పు 1994లో, రెండోది 2000లో వచ్చాయి). దాని ప్రకారం పైన మొత్తం సేకరణ, దాని కింద సిరీస్, ఆ కింద ఫైల్, చివర ఒక్కో కాగితం. పై మెట్టులో చెప్పిన సమాచారాన్ని కింది మెట్టులో మళ్ళీ రాయకూడదన్నది అందులో ఒక నియమం. కాగితం మీద కేటలాగ్ చదివేటప్పుడు అది చక్కటి పద్ధతి. అదే సెర్చ్‌లో నేరుగా కింది మెట్టుకి వచ్చి పడితే "ఉత్తరాలు, 3వ కట్ట" అని మాత్రమే కనిపిస్తుంది. ఎవరి ఉత్తరాలు, ఏ కాలానివి, ఏమీ తెలియదు. చూడగలిగేవాళ్ళు పక్కనున్న చిన్న అక్షరాల్లో వెతుక్కుని సరిపెట్టుకుంటారేమో గానీ, స్క్రీన్ రీడర్‌తో (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) లింకు తర్వాత లింకు వింటూ వెళ్ళే మనిషికి "ఉత్తరాలు, లింక్, ఉత్తరాలు, లింక్" అని ఇరవై సార్లు వినిపిస్తుంది. పై మెట్టులోని ఆఫీసు పేరునీ సంవత్సరాలనీ ఆ లింకు మాటల్లోకే తీసుకురావడం, అదీ మరీ పొడుగవకుండా, ఏ మాట ముందు వినిపించాలో తేల్చుకుని చేయడం మీ పనే అవుతుంది.

ఇంకొకటి, దొరికిన దస్త్రం పరిస్థితి ఏమిటన్నది. కొన్ని స్కాన్ అయి ఉంటాయి, కొన్ని కాగితంగానే ఉంటాయి (వెళ్ళి చూడాలి, లేదా కాపీ అడగాలి), కొన్ని ఫలానా సంవత్సరం దాకా మూసి ఉంటాయి. చాలా సైట్లు దీన్ని ఆకుపచ్చ చుక్క, ఎర్ర చుక్కతో చూపిస్తాయి. రంగు తేడా తెలియని వాళ్ళకి ఆ చుక్కలు రెండూ ఒకటే, స్క్రీన్ రీడర్‌కైతే అసలు లేనట్టే. "ఆన్‌లైన్‌లో చదవచ్చు", "కాగితం మాత్రమే ఉంది" అని మాటల్లో రాయండి, అంతే.

ఇక దస్త్రం చూపించే పేజీ. ఒకసారి మా టెస్టింగ్‌కి చేతులు వణికే ఒక పెద్దాయన వచ్చారు. అప్పుడు మా టీమ్ పెట్టిన జూమ్ ఒక సన్నటి స్లైడర్, దాన్ని మౌస్‌తో పట్టుకుని లాగాలి. ఆయన మూడు సార్లు పట్టుకున్నారు, మూడు సార్లూ జారిపోయింది. నాలుగోసారి మౌస్ వదిలేసి "చదవడానికి బాగానే ఉందిలెండి" అన్నారు. ఏమీ చదవలేదు ఆయన. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది. మర్నాడే కూడిక, తీసివేత గుర్తులతో రెండు పెద్ద బటన్లు పెట్టాం. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ళు యాక్సెసిబిలిటీ కోసం ఇచ్చిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల 2.2 కూర్పు, అంటే 2023 అక్టోబర్‌లో వచ్చింది, ఇదే చెబుతుంది: లాగి చేసే ఏ పనికైనా లాగకుండా చేసే దారి ఒకటి ఉండాలి, నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల పొడవు వెడల్పు ఉండాలి లేదా చుట్టూ అంత ఖాళీ ఉండాలి. మీకు తెలిసిన కాంట్రాస్ట్ నిష్పత్తి (అక్షరానికీ దాని వెనక రంగుకీ వెలుగులో ఉండే తేడా), మామూలు అక్షరాలకి 4.5:1, అదీ ఆ మార్గదర్శకాల్లోదే. కాబట్టి మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు.

చేరేలోపు ఒక వారం మౌస్ తీసి పక్కన పెట్టి, ట్యాబ్ కీతోనే ఏదైనా ఆర్కైవ్ సైట్ వాడండి. విండోస్ అయితే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, ఫోన్‌లో వాయిస్‌ఓవర్ గానీ టాక్‌బ్యాక్ గానీ ముందే ఉంటాయి. బ్రౌజర్‌ని 400 శాతం జూమ్ చేసి చూడండి, పక్కకి స్క్రోల్ చేయకుండా చదవగలగాలి. దస్త్రం బొమ్మకి పక్కకి జరపక తప్పదు, దానికి మినహాయింపు ఉంది, దాని చుట్టూ ఉన్న మాటలకి లేదు. ఇవన్నీ చేసినంత మాత్రాన చూపులేని మనిషి అనుభవం మీకు వచ్చేస్తుందని కాదు, ఎక్కడ దారి మూసుకుపోతోందో తెలుస్తుంది.

ప్రశ్న: మా దగ్గర 40,000 చేతిరాత పేజీల స్కాన్‌లు ఉన్నాయి. అన్నిటికీ ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు) రాయడం అయ్యే పని కాదు. చట్టంలో పాత దస్త్రాలకి మినహాయింపు ఉందని మా మేనేజర్ అంటున్నారు. వదిలేయవచ్చా?

జవాబు: మినహాయింపు కొన్ని చోట్ల ఉన్న మాట నిజమే. ఉదాహరణకి యూరోపియన్ యూనియన్ 2016లో పబ్లిక్ సంస్థల వెబ్‌సైట్ల కోసం తెచ్చిన ఆదేశంలో, వారసత్వ సేకరణల నకళ్ళని పూర్తిగా యాక్సెసిబుల్‌గా చేయడం సాధ్యం కానప్పుడు, అంటే చేతిరాత నుంచి పాఠాన్ని తక్కువ ఖర్చుతో తీసే యంత్ర పద్ధతులు లేనప్పుడు, వాటిని పక్కన పెట్టారు. గమనించండి, అది ఆ నకలుకి ఇచ్చిన మినహాయింపు. దాని చుట్టూ ఉన్న పేజీకి, బటన్లకి, వర్ణనకి ఇచ్చింది కాదు. చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ మెరుగుపడే కొద్దీ ఆ సాకు కూడా బలహీనపడుతోంది.

అసలు ఆల్ట్ టెక్స్ట్‌లో పేజీ మొత్తం కుక్కాలనుకోవడమే పొరపాటు. ఆల్ట్‌లో "12వ పేజీ, చేతిరాత, పాఠం ఈ బొమ్మ కింద ఉంది" అని ఉంటే చాలు, ఆ పాఠం నిజమైన అక్షరాలుగా పేజీలో ఉండాలి. స్కాన్‌ని పీడీఎఫ్‌లో పెట్టేసి దింపుకోమంటే అదీ ఫొటోనే కదా, స్క్రీన్ రీడర్‌కి అందులో చదవడానికి అక్షరాలే ఉండవు, ఖాళీ పత్రం అని చెప్పి ఊరుకుంటుంది.

40,000 పేజీలూ ఒకేసారి చేయకండి. జనం ఎక్కువగా తెరిచేవి ముందు యంత్రంతో చదివించండి. యంత్రం చదివినదాంట్లో తప్పులు ఎక్కువగా పేర్లలో, ఊళ్ళలో, అంకెల్లో వస్తాయి, జనం వెతికేది సరిగ్గా వాటినే. అందుకని "ఇది యంత్రం చదివిన పాఠం, ఇంకా ఎవరూ సరిచూడలేదు" అని పాఠానికి ముందే రాయండి, తప్పు చెప్పడానికి ప్రతి పేజీలో ఒక లింకు ఇవ్వండి. అర్థం కాని చోట ప్రశ్నార్థకం గుర్తు మాత్రమే పెట్టి వదిలేయకండి, స్క్రీన్ రీడర్ సెట్టింగ్‌ని బట్టి ఆ గుర్తు వినిపించకపోవచ్చు. "ఇక్కడ ఒక మాట చదవలేకపోయాం" అని మాటల్లోనే రాయండి. మిగతా పేజీల్లో "ఈ పేజీ పాఠం నాకు కావాలి" అని అడిగే బటన్ పెట్టి, ఎన్ని రోజుల్లో ఇస్తారో చెప్పండి, చెప్పిన రోజుకి ఇవ్వండి.

జనం సాయం కూడా తీసుకోవచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018లో బై ది పీపుల్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది, అందులో వలంటీర్లు స్కాన్‌లు చూసి పాఠం టైప్ చేస్తారు, ఇతర వలంటీర్లు సరిచూస్తారు. అలాంటిది మీరు కట్టేటట్టయితే ఆ టైప్ చేసే పేజీ కూడా కీబోర్డ్‌తో నడవాలి, చేతులతో ఇబ్బంది ఉన్నవాళ్ళు కూడా వలంటీర్లుగా వస్తారు.

ప్రశ్న: నేను చరిత్రలో పరిశోధన చేస్తున్నాను, నాకు చూపు లేదు. ఒక ఆర్కైవ్ సైట్ ఏఏ స్థాయి (డబ్ల్యూసీఏజీలోని మూడు స్థాయిల్లో మధ్యది) పాస్ అయ్యామని రాసుకుంది. అక్కడ సంవత్సరం ఫిల్టర్ మారిస్తే ఏమీ వినిపించదు, ఫలితాలు మారాయో లేదో తెలియదు. చదువుతుండగా మధ్యలో లాగ్ అవుట్ చేసేస్తుంది. తప్పు నాదా, వాళ్ళదా?

జవాబు: మీ తప్పు ఏమాత్రం లేదండి. ఆటోమేటిక్ టూల్స్‌తో చేసిన పరీక్షని నమ్ముకున్నప్పుడు తరచుగా జరిగేది ఇదే. బొమ్మకి ఆల్ట్ ఉందా లేదా అన్నది టూల్ చెబుతుంది, ఆ ఆల్ట్‌లో ఉన్నది నిజమో కాదో చెప్పలేదు. ఫిల్టర్ మార్చాక ఒక మనిషికి ఏం వినిపించాలో దానికి తెలియదు.

మీరు చెప్పిన రెండింటికీ మార్గదర్శకాల్లో జవాబు ఉంది. పేజీ మారకుండా లోపల ఏదైనా మారితే, "112 ఫలితాలు" లాంటి సందేశం, ఫోకస్ (కీబోర్డ్ అప్పుడు ఉన్న చోటు) అక్కడికి వెళ్ళకుండానే స్క్రీన్ రీడర్‌కి చేరాలని 2018లో వచ్చిన 2.1 కూర్పు చెప్పింది. సమయం అయిపోయే ముందు హెచ్చరించి, తేలికగా పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, అలా కనీసం 10 సార్లు పొడిగించుకోనివ్వాలని అంతకుముందు నుంచే ఉంది. డిజైనర్లకి ఇక్కడ ఒక మాట: సంవత్సరాలకి రెండు పిడుల స్లైడర్ పెట్టకండి, "నుంచి", "వరకు" అని రెండు పెట్టెలు ఇవ్వండి. ఒక్కో టిక్‌కీ ఫలితాలు మార్చేయకుండా చివర్లో "వర్తింపజేయి" బటన్ పెట్టండి. వినే మనిషికి తను ఎప్పుడు అడిగాడో, ఎప్పుడు జవాబు వచ్చిందో స్పష్టంగా ఉంటుంది.

మీరు ఫిర్యాదు రాసేటప్పుడు ఏ పేజీ, ఏం చేశారు, ఏం వినిపిస్తుందనుకున్నారు, ఏం వినిపించింది, ఏ బ్రౌజర్, ఏ స్క్రీన్ రీడర్ అన్నవి రాయండి. అవి ఉంటే డెవలపర్ అదే తప్పుని తన దగ్గర మళ్ళీ తెచ్చుకుని చూడగలడు. నిజానికి ఇది మీరు ఉచితంగా చేయాల్సిన పని కాదు. ఆ టీమ్ మీలాంటి పాఠకుల్ని ముందే పిలిచి, డబ్బు ఇచ్చి, సైట్ ఇంకా కట్టకముందు, డిజైన్ బొమ్మల దశలో ఉన్నప్పుడే చూపించి ఉండాల్సింది.

ప్రశ్న: పాత కేటలాగ్‌లో మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళని "పిచ్చివాళ్ళు" అని రాశారు, ఇంకా ఘోరమైన మాటలు కూడా ఉన్నాయి. తీసేద్దామా? హెచ్చరిక పాప్-అప్ పెడదామా?

జవాబు: ఆ మాట ఎవరు రాశారన్నది ముందు చూడండి. ఆ కాలం గుమాస్తా దస్త్రం మీద రాసిన శీర్షిక అయితే అది ఆధారం, ఆ మనుషుల్ని అప్పట్లో ఎలా చూశారో చెప్పేది అదే, మార్చకూడదు. తర్వాత ఆర్కైవ్‌లో కేటలాగ్ చేసినవాళ్ళు రాసిన వర్ణన అయితే అది మన మాట, మార్చవచ్చు, మార్చాలి కూడా. పాత రూపాన్ని మాత్రం ఎక్కడో భద్రంగా ఉంచి, ఎప్పుడు మార్చారో రాయండి. సెర్చ్‌లో పాత మాట కొట్టినా కొత్త మాట కొట్టినా అదే దస్త్రం రావాలి. తన కుటుంబంలో మనిషి గురించి వెతికే వాళ్ళ చేత ఆ తిట్టుని టైప్ చేయించడం అన్యాయం కదా.

కొటేషన్ గుర్తులు పెట్టాం కదా అని ఊరుకోకండి, వినేవాళ్ళకి అవి అందకపోవచ్చు. "దస్త్రం మీద ఉన్న అసలు శీర్షిక" అని ముందు మాటల్లో చెప్పండి. పాప్-అప్ వద్దు, ఫోకస్ అందులో చిక్కుకుపోయి బయటికి రాలేని సైట్లు చాలా చూశాను. దస్త్రానికి ముందు ఒక హెడింగ్, రెండు వాక్యాల హెచ్చరిక, దాటి వెళ్ళడానికో వెనక్కి పోవడానికో లింకులు. ఇవి బొమ్మకీ పాఠానికీ ముందే రావాలి. తర్వాత వచ్చే హెచ్చరిక వల్ల ఉపయోగం లేదు.

ప్రశ్న: ఈ పనికి కోడింగ్ రావాలా? ఒక్క లైన్ కోడ్ పెడితే సైట్ మొత్తం యాక్సెసిబుల్ అయిపోతుందనే టూల్స్ ఉన్నాయట, వాడవచ్చా?

జవాబు: ఆ టూల్స్ వద్దు. అక్షరాలు పెద్దవి చేసుకోవడం, చదివించుకోవడం లాంటివి వాడేవాళ్ళ దగ్గర ముందే ఉన్నాయి, వాళ్ళు అలవాటు పడ్డ పద్ధతిలో ఉన్నాయి. వాటి మీద మీరు ఇంకో పొర వేస్తే రెండూ కొట్టుకుంటాయి. పాఠం లేని స్కాన్‌కి పాఠాన్ని ఆ లైన్ ఎలాగూ రాసి సరిచూడలేదు.

కోడింగ్ విషయానికొస్తే వెబ్ పేజీల్ని కట్టే హెచ్‌టీఎంఎల్ చదవగలిగితే చాలు. హెడింగ్ స్థాయిలు, లిస్ట్, టేబుల్, ఫారమ్ లేబుల్, బటన్, వీటికి బ్రౌజర్ తనంతట తాను ఏమేం ఇస్తుందో తెలిస్తే, డెవలపర్ బటన్‌ని డివ్‌తో (తనంతట తాను ఏ పనీ చేయని ఉత్త పెట్టె) కట్టినప్పుడు కీబోర్డ్‌తో ఎందుకు పనిచేయడం లేదో కూర్చుని మాట్లాడుకోగలరు. మీ డిజైన్ ఫైల్‌లో ప్రతి స్క్రీన్ పక్కన ఫోకస్ ఏ వరసలో వెళ్ళాలో అంకెలు వేసి, ఒక్కో చోట స్క్రీన్ రీడర్‌లో ఏం వినిపించాలో మాటల్లో రాసి ఇవ్వండి. రంగులూ ఫాంట్లూ ఆ తర్వాత చూసుకోవచ్చు.