పరిణామం "థియరీ మాత్రమే" అన్న పిల్లవాడికి

మేడమ్, గాజువాకలో మీ తొమ్మిదో తరగతి పిల్లవాడు "పరిణామం (జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయన్నది) థియరీయే కదా, రుజువు కాలేదు కదా" అన్నాడని రాశారు. టెన్షన్ పడకండి, తప్పు వాడిది కాదు. మన బడుల్లో థియరీ అంటే ప్రాక్టికల్స్ కానిది. ఇక సిద్ధాంతం అంటే ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి గారే గుర్తొస్తారు!

సైన్సులో థియరీ అంటే ఊహ కాదు, ఎన్నో వాస్తవాలను కలిపి వివరించి, పరీక్షకు నిలబడిన వివరణ. సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్నదీ థియరీయే. అది ఎప్పటికీ "నియమం"గా ప్రమోషన్ పొందదు. నియమం ఏం జరుగుతుందో చెబుతుంది, థియరీ ఎందుకో చెబుతుంది.

నేను మధురవాడలో చెప్పేటప్పుడు ఉడికించిన కోడి రెక్క తీసుకెళ్లేవాణ్ణి. పైన ఒక ఎముక, కింద రెండు, చివర వేళ్ల ఆనవాళ్లు. పిల్లలు తమ చేయి తడిమి చూసుకుంటారు. మన సముద్రంలో ఈదే డాల్ఫిన్ తెడ్డులోనూ అదే వరుస. చేపలాగే నీళ్లలో బతికే జీవికి ఈ చేయి ఎముకలు ఎందుకు అని అడిగి, కాసేపు ఊరుకోండి. అందరికీ పూర్వీకుడు ఒకడేనన్న జవాబు వాళ్లకే తట్టాలి.

తర్వాత టిక్టాలిక్ అనే శిలాజం కథ చెప్పండి. చేపకూ నాలుగు కాళ్ల జీవికీ మధ్యరకం సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో ఉండాలని శాస్త్రవేత్తలు అంచనా వేసి, కెనడా ఉత్తరాన వెతికారు. 2004లో దొరికింది.

"మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి?" అని తప్పకుండా అడుగుతారు. మీ పెదనాన్న కొడుకు ఉన్నాడని నువ్వు లేకుండా పోయావా అనండి. కోతులకూ మనకూ తాత ఒకడే, కొమ్మలు వేరు.